దెబ్బకు వ్యవధి



హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి దాటాక పెన్న ఒడ్డున పామిడిని తాకి, గార్లదిన్నె మీదుగా అనంతపురం చేరుతుంది. పామిడి బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. ఊరు దాటితే వాన కోసం మబ్బు వైపు చూసే మెట్ట చేలు. వాన ముఖం చాటేసిన ఏడు సొంత చేనిలో పని ఉండదు. పత్తి తీతకో, తోట పనికో ఎక్కడ పిలిస్తే అక్కడికి కూలీలు పొద్దున్నే ఆటో ఎక్కాలి. 2021 నవంబరు మొదటి వారంలో గార్లదిన్నె మండలం కొప్పలకొండ నుంచి పత్తి పనికి బయలుదేరిన కూలీల ఆటోను పామిడి దగ్గర ఈ రహదారి మీదే లారీ ఢీకొట్టింది. ఐదుగురు ఆడవాళ్లు చనిపోయారు. 2024 నవంబరు 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర, కూలి పని ముగించుకుని పుట్లూరు మండలం ఎల్లుట్లకు తిరిగి పోతున్నవారి ఆటో, ఆర్టీసీ బస్సు ఢీకొని కనీసం ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. తప్పెవరిదన్న విచారణ పోలీసులు, కోర్టులు చూసుకునే పని. ఈ ప్రసంగంలో నేను పట్టుకున్న ప్రశ్న వేరు. ఢీకొన్న ఆ రెప్పపాటులో మనిషి ఒంటి మీద పడే దెబ్బ ఎంత? దాన్ని తగ్గించే ఉపాయం ఏమిటి? భౌతికశాస్త్రం ఇచ్చే జవాబు చాలా చిన్నది: దెబ్బ పడే వ్యవధిని పెంచాలి. సెకనులో పదో వంతు దొరికినా ప్రాణం నిలవవచ్చు. ఆ పదో వంతు ఈ రోడ్డు మీద కారులో పోయేవాళ్లకు దొరుకుతోంది, ఆటోలో పోయేవాళ్లకు దొరకడం లేదు. నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కదిలే ప్రతి వస్తువుకూ ద్రవ్యవేగం ఉంటుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది అది. 60 కిలోల మనిషి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్ల చొప్పున పోతున్నాడనుకుందాం. అతని ద్రవ్యవేగం 900 ప్రమాణాలు. అతను ఆగాలంటే ఆ 900 సున్నా కావాలి. మెల్లగా బ్రేకు వేసి ఆగినా, రోడ్డు పక్క చింతచెట్టుకు గుద్దుకుని ఆగినా పోవలసింది అదే 900, అందులో పిసరంత తగ్గింపు కూడా ఉండదు. దాన్ని పోగొట్టే పని బలానిది. ఎంత బలం, ఎంతసేపు పనిచేసింది అన్న రెంటినీ గుణిస్తే వచ్చేదాన్ని ప్రచోదనం అంటారు. ఇంటర్మీడియట్ మొదటి ఏడాది భౌతికశాస్త్రంలో పిల్లలు చదివే పాఠమే ఇది. 1687లో వెలువడ్డ ప్రిన్సిపియాలో న్యూటన్ తన రెండో నియమాన్ని చెప్పింది కూడా చలన పరిమాణంలో, అంటే ద్రవ్యవేగంలో, వచ్చే మార్పు గురించే. బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించినదన్న సూత్రం తరవాతివాళ్లు దిద్దిన రూపం. ఇప్పుడు లెక్క చూడండి. ఆ 900ను సెకనులో వందో వంతులో పోగొట్టాలంటే 90 వేల న్యూటన్ల బలం కావాలి. అంటే తొమ్మిది టన్నుల బరువు మీద పడ్డంత. పదో వంతులో పోగొడితే 9 వేల న్యూటన్లు చాలు. అంటే టన్నుకు లోపు. ఇళ్లలో పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత మీద మట్టి కడవ జారిపడితే నిలుస్తుంది, బండ మీద పడితే పెంకులవుతుంది. రెండు చోట్లా కడవ పడిన ఎత్తు ఒకటే, తెచ్చుకున్న ద్రవ్యవేగం ఒకటే, చివరికి ఆగడమూ ఒకటే. బొంత చేసిందల్లా ఆగడానికి కాస్త వ్యవధి ఇవ్వడం.

శాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఎముకను విరిచేది శక్తి కదా, గతిశక్తి లెక్కతో చెప్పవలసినదాన్ని ప్రచోదనంతో ఎందుకు చెబుతున్నారు అని. న్యాయమైన ప్రశ్నే. గతిశక్తిని ఆగడానికి పట్టిన దూరంతో భాగించినా సగటు బలమే వస్తుంది, ద్రవ్యవేగాన్ని ఆగడానికి పట్టిన కాలంతో భాగించినా సగటు బలమే వస్తుంది. దూరం, కాలం జోడెద్దుల్లా కలిసే నడుస్తాయి. నలగడానికి జాగా ఉన్నచోటే ఆగడానికి వ్యవధి దొరుకుతుంది. అయితే ప్రచోదనం లెక్కకు ఒక ప్రత్యేకమైన ఉపయోగం ఉంది. రెండు బళ్లు గుద్దుకున్నప్పుడు ఏ బండికి ఎంత దెబ్బ పడిందో నేరుగా చెప్పేది అదే. లారీ, ఆటోల దగ్గరికి వచ్చేసరికి దాని అవసరం తెలుస్తుంది. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. బలం ఎంతో, కాలం ఎంతో కాగితం మీద గీస్తే ఆ గీత కింది వైశాల్యమే ప్రచోదనం. వైశాల్యం మార్చలేం, దాని ఆకారం మార్చగలం. నిటారుగా లేచిన శిఖరాన్ని చదునుచేసి, వెడల్పుగా పరచడమే రక్షణ పరికరాలన్నిటి వెనకా ఉన్న పని.

హెల్మెట్‌నే తీసుకోండి. కోసి చూస్తే లోపల మూడు పొరలు కనిపిస్తాయి. పైన గట్టి డిప్ప, దాని కింద వేలెడు మందాన థర్మాకోల్, అన్నిటికన్నా లోపల తలకు మెత్తగా తగిలే స్పాంజి, గుడ్డ. చాలామంది ప్రాణం కాపాడేది పైనున్న డిప్ప అనుకుంటారు. దాని పని దెబ్బను ఒకే చోట గుచ్చుకోనీయకుండా పరచడం, కంకర రాయి లోపలికి దిగకుండా చూడటం. స్పాంజి సౌఖ్యానికి. అసలు పని థర్మాకోల్‌ది. మోటారుసైకిల్ మీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తున ఉంటుంది. పక్కకు ఒరిగి పడితే ఆ తల నేలను తాకేటప్పటికి సెకనుకు 5.4 మీటర్ల వేగం అందుకుంటుంది. తల బరువు సుమారు 5 కిలోలు, కాబట్టి పోగొట్టవలసిన ద్రవ్యవేగం 27. ఉత్త తల తారు రోడ్డుకు తగిలితే మహా అంటే రెండు మిల్లీమీటర్ల లోపల ఆగిపోవాలి. వ్యవధి సెకనులో వెయ్యో వంతుకు కూడా తక్కువ. బలం సుమారు 36 వేల న్యూటన్లు, అంటే మూడున్నర టన్నులకు పైగా బరువు. థర్మాకోల్ రెండు సెంటీమీటర్లు నలిగితే వ్యవధి పదింతలవుతుంది, బలం పదో వంతుకు దిగుతుంది. రెండు సెంటీమీటర్లంటే చిటికెన వేలు మందం కన్నా కాస్త ఎక్కువ. మనిషికీ మట్టికీ మధ్య ఉన్న తేడా ఒక్కోసారి అంతే.

మెత్తదనమే రక్షణ అయితే స్పాంజి మందంగా పెడితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. స్పాంజి మొదట్లో చేయి తగిలినా లొంగుతుంది, ఏ అడ్డూ చెప్పదు. ఉన్న మందమంతా అలా ఖర్చయిపోయాక ఒక్కసారిగా బండలా మారుతుంది. దెబ్బలో ఎక్కువ భాగం ఆ ఆఖరి క్షణంలోనే పడుతుంది. థర్మాకోల్ అలా కాకుండా మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే బలంతో ఎదురిస్తూ నలుగుతుంది. అందులోని గాలి గదులు ఒక్కొక్కటే పగులుతాయి. నలిగాక మళ్లీ ఉబ్బదు, అది కూడా మంచికే. బంతిలా తిరిగి ఎగరగొట్టే పదార్థం పెడితే తల ఆగడమే కాక వెనక్కి కూడా మళ్లాలి, ద్రవ్యవేగంలో మార్పు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి చెక్కుచెదరనట్టు కనిపించినా దాని పని అయిపోయిందని లెక్క. రోడ్డు పక్కన చవకగా అమ్మే, థర్మాకోల్ లేని ఉత్త ప్లాస్టిక్ టోపీ పోలీసు కంటిని మోసం చేస్తుంది కానీ తారు రోడ్డును మోసం చేయలేదు. 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనదారుల హెల్మెట్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. ముద్రతో పాటు గడ్డం కింది పట్టీ కూడా బిగించాలి. పట్టీ వదిలేసిన హెల్మెట్ మొదటి కుదుపుకే తలను విడిచి ఎగిరిపోతుంది, నేల తగిలే వేళకు అది అక్కడ ఉండదు.

హెల్మెట్ మీద మన దగ్గర వినిపించే అభ్యంతరాలు మూడు. పక్క వీధికే కదా అన్నది మొదటిది. ఇందాకటి లెక్కలో బండి వేగం ఎక్కడా రాలేదని గమనించారా? తల పడింది మీటరున్నర ఎత్తు నుంచి. బండి అనంతపురం పోతున్నా, పామిడి బజారులో మెల్లగా పోతున్నా ఆ ఎత్తు మారదు. రెండోది దీనికి తలకిందులు: హైవే మీద 80లో పోతుంటే ఏ హెల్మెట్ ఆపుతుంది అని. పడి జారుతూ పోయే మనిషి ముందుకు పోయే వేగాన్ని రోడ్డు మీద రాసుకుంటూ మీటర్ల కొద్దీ దూరంలో పోగొట్టుకుంటాడు. చర్మం లేస్తుంది, కానీ ఆ వ్యవధి ఎక్కువే. తల నేలకు కొట్టుకునే దెబ్బ మాత్రం చాలావరకు పడిన ఎత్తును బట్టే ఉంటుంది, దాన్ని హెల్మెట్ ఆపగలదు. అదే వేగంతో తల నేరుగా స్తంభానికో లారీ తొట్టికో తగిలితే రెండు సెంటీమీటర్ల థర్మాకోల్ చాలదు, ఆ మాట దాచడంలో అర్థం లేదు. అయినా లెక్క హెల్మెట్ వైపే ఉంది. అనేక దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ మరణాన్ని 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో హెల్మెట్ లేనివారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 14 వేలకు పైగా వెనక కూర్చున్నవాళ్లు. మూడో అభ్యంతరం ఎండ. అనంతపురం ఎండల్ని ఎరిగిన ఎవరూ దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. వైశాఖంలో మధ్యాహ్నం పూట తల మీద అంత బరువైన డిప్ప కష్టమే. అయితే ఉక్కపోతలో మనకేమీ తీసిపోని వియత్నాం, ఇంటింటా మోటారుసైకిల్ ఉన్న దేశం, 2007 డిసెంబరు 15 నుంచి అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. పెట్టుకునేవాళ్లు 90 శాతం దాటారు. గాలాడే తేలిక హెల్మెట్లు అక్కడ తయారై అమ్ముడయ్యాయి. ఎండకు తగ్గ హెల్మెట్ కావాలని అడగడం సబబు, ఎండ పేరు చెప్పి ఉత్త తలతో పోవడం సబబు కాదు.

ఇక కార్ల మాట. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో, ఇదే రహదారి పక్కన, 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఈ కాలపు కారును చూసి పెద్దవాళ్లు పెదవి విరుస్తారు: పాత అంబాసిడర్ గుద్దితే గోడ పడేది, ఇప్పటి కారు అప్పడంలా నలిగిపోతుంది అని. చూపు సరైనదే, తీర్మానమే తిరగబడింది. నలగడానికే ముందు భాగాన్ని అలా కట్టారు. మెర్సిడెస్ కంపెనీలో పనిచేసిన బేలా బరేని అనే ఇంజినీరు 1950ల మొదట్లో ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నాడు. మనుషులు కూర్చునే గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా ఉన్న భాగాలు క్రమంగా నలగాలి. 1959లో ఆ పద్ధతిలో కట్టిన కారు రోడ్డెక్కింది. అదే 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ భుజం మీదుగా, నడుం మీదుగా పోయే మూడు బిందువుల బెల్టును తెచ్చాడు. ఆ పేటెంటును ఇతర కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో వదిలిపెట్టింది. ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. మన 60 కిలోల మనిషి 54 కిలోమీటర్ల వేగంతో పోతూ గోడకు గుద్దుకున్నాడు. బెల్టు ఉంటే ముందు భాగం నలగడం, బెల్టు కాస్త సాగడం కలిసి 60 సెంటీమీటర్ల జాగా, సెకనులో 8 శాతం వ్యవధి దొరుకుతాయి. పడే బలం 11 వేల న్యూటన్లు. అది కూడా భుజం, ఛాతీ, తుంటి ఎముకల మీదుగా పరుచుకుంటుంది. బెల్టు లేకపోతే కారు ఆగినా మనిషి ఆగడు. నలిగిన ముందు భాగం ఇచ్చిన వ్యవధి అతనికి అందదు. కారు దాదాపు ఆగిపోయాక డ్యాష్‌బోర్డును తాకి ఐదు సెంటీమీటర్లలో ఆగుతాడు. బలం పన్నెండింతలు, లక్షా 35 వేల న్యూటన్లు. ముందు సీటును చేతులతో గట్టిగా పట్టుకుంటే చాలనుకునేవాళ్లు బెల్టు ఉన్నప్పటి దెబ్బే టన్నుకు పైగా బరువని గుర్తుంచుకోవాలి. ఒళ్లో 10 కిలోల బిడ్డ ఉంటే, తల్లి బెల్టు పెట్టుకున్నా సరే, ఆ బిడ్డను ఆపడానికి ఆమె చేతులు 190 కిలోలు మోయాలి. ఏ తల్లి ప్రేమకూ అంత కండబలం ఉండదు.

సరైన పట్టీ, చాలినంత వ్యవధి ఉంటే ఒళ్లు ఎంత ఓర్చుకోగలదో 1954 డిసెంబరు 10న అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ తన ఒంటి మీదే చూపించాడు. గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటిన రాకెట్ బండి 1.4 సెకన్లలో ఆగింది. కళ్లలో నెత్తురు చిమ్మింది, పక్కటెముకలకు, మణికట్లకు దెబ్బలు తగిలాయి, కానీ మనిషి బతికాడు. ఇది తెలిశాక, బెల్టు పెట్టుకుంటే బండిలో ఇరుక్కుపోతాం, లేకపోతే ఎగిరి బయటపడి బతుకుతాం అన్న వాదం ఎంత బలహీనమో అర్థమవుతుంది. బయటపడ్డ మనిషిని ఆపడానికి రోడ్డుంది, రాయుంది, తిరగబడుతున్న ఆ బండే ఉంది; ఇవేవీ వ్యవధి ఇచ్చేవి కావు. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర వాహనం బోల్తాపడి రాజకీయ నాయకురాలు శోభా నాగిరెడ్డి బయటికి ఎగిరిపడి తీవ్రంగా గాయపడ్డారు, మరునాడు కన్నుమూశారు. బెల్టు లేదని అప్పట్లో వార్తలు చెప్పాయి. వెనక సీటు భద్రమన్న నమ్మకం కూడా అంతే. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. ఎయిర్‌బ్యాగు ఉందిగా అనేవాళ్లకూ ఒక మాట. అది కంటి రెప్ప వేసే లోపు విచ్చుకునే సంచి. బెల్టుతో కట్టి ఉన్న మనిషి దాన్ని సరైన వేళకు తాకుతాడు. బెల్టు లేని మనిషి అది ఇంకా విచ్చుకుంటుండగానే దాని మీద పడతాడు, అప్పుడు అదే దెబ్బ కొడుతుంది.

ఈ ఏర్పాట్లన్నిటికీ ఒక హద్దుంది, దాన్ని నిర్ణయించేది వేగం. వేగం రెట్టింపయితే ద్రవ్యవేగం రెట్టింపు. నలిగే జాగా మాత్రం అంతే కనుక దాన్ని దాటే వ్యవధి సగమవుతుంది. రెట్టింపు ద్రవ్యవేగాన్ని సగం కాలంలో పోగొట్టాలి, కాబట్టి బలం నాలుగింతలు. మన దేశంలో 2023 అక్టోబరు 1న మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో కారును ఎదురుగా గుద్దించేది గంటకు 64 కిలోమీటర్ల వేగంతో. ఐదు నక్షత్రాలు వచ్చిన కారని 120లో తోలేవాళ్లు ఆ నక్షత్రాలు ఏ వేగానికి ఇచ్చారో గమనించాలి. 120 అంటే పరీక్ష వేగానికి దాదాపు రెట్టింపు. జాగా కూడా ఒక్కోసారి వృథా అవుతుంది. రాత్రిపూట రోడ్డు అంచున, వెనక దీపం లేకుండా నిలిపిన లారీ తొట్టి కారు బానెట్‌కు పైఎత్తున ఉంటుంది. కారు దాని కిందికి దూసుకుపోతే నలగవలసిన భాగానికి ఏమీ తగలదు, నేరుగా ముందు అద్దానికి, తలలకు తగులుతుంది. లారీ వెనక కిందికి వేలాడే అడ్డపట్టీని చాలామంది నంబరు ప్లేటు బిగించుకునే ఇనుప ముక్క అనుకుంటారు. వెనక నుంచి గుద్దే కారు ముందు భాగం నలిగే అవకాశం మిగిల్చేది అదే. వంగిపోయిన, ఊడిపోయిన పట్టీతో లారీ తిరుగుతుంటే, దాని వెనక వచ్చే కారు భద్రత కూడా ఆ మేరకు ఊడిపోయినట్టే.

ఇప్పుడు లారీ, ఆటోల లెక్క. సరుకుతో 19 టన్నుల లారీ సెకనుకు 15 మీటర్ల వేగంతో వస్తోంది. కూలీలతో కలిపి ఒక టన్ను ఆటో సెకనుకు 10 మీటర్లతో ఎదురు పోతోంది. రెండూ గుద్దుకుని ఒకటై కదిలాయనుకుంటే, ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం ఆ ముద్ద లారీ పోయే దిక్కుకే సెకనుకు 13.75 మీటర్లతో సాగుతుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం లారీ మీద పడ్డ బలం, ఆటో మీద పడ్డ బలం సమానం, వ్యవధి సమానం, కాబట్టి ప్రచోదనమూ సమానం. కానీ ఆ సమానమైన ప్రచోదనాన్ని 19 టన్నులతో భాగిస్తే లారీ వేగంలో మార్పు సెకనుకు 1.25 మీటర్లే. డ్రైవరుకు బ్రేకు వేసినంత కుదుపు. ఒక టన్నుతో భాగిస్తే ఆటో వేగంలో మార్పు 23.75 మీటర్లు, గంటకు 85 కిలోమీటర్ల పైమాట. లారీ బదులు బస్సు అయినా ఆటోకు పెద్ద తేడా ఉండదు. ఆ వేగానికి తగ్గ నలిగే జాగా ఆటోలో ఎక్కడుంది? ముందు ఒక చక్రం, దాని పైన పలచటి రేకు, అద్దం, వెంటనే డ్రైవరు మోకాళ్లు. డ్రైవరుకు అటూ ఇటూ ఇరుక్కున్నవాళ్లకు ఆ రేకు కూడా పూర్తిగా అడ్డం ఉండదు. వెనక కూర్చున్నవాళ్ల ఎదుట పట్టుకోవడానికి అడ్డంగా ఇనుప గొట్టం ఉంటుంది. మామూలు కుదుపులకు అదే ఆధారం. గుద్దినప్పుడు వెనకవాళ్లంతా పడేది ఆ గొట్టం మీదే. రెండంగుళాలు కూడా లేని ఆ వెడల్పు మీద మొత్తం దెబ్బ ఛాతీకో దవడకో దిగుతుంది. కారులో బెల్టు వెడల్పాటి పట్టీతో చేసే పనికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

అంతమంది ఎందుకు ఎక్కారు, తప్పు వాళ్లదే కదా అని ఒక మాట వస్తుంది. ఎక్కువమంది ఎక్కడం ప్రమాదమే, చట్టం ఒప్పుకోదు. కానీ తనిఖీ చేసి సగంమందిని దింపేస్తే ఆ రోజు ఆ సగం ఇళ్లకు కూలి డబ్బులు రావు, మరునాడు వాళ్లు తనిఖీ లేని దారిన అదే ఆటోలో పోతారు. వర్షాధారపు నేల మీద బతికే మనిషికి ఎదుట ఉన్న ఎంపికలు చూడకుండా తీర్పు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. ఆటోలోనే చేయగలవి కొన్ని ఉన్నాయి. ఆ ఇనుప గొట్టానికి థర్మాకోల్ లాంటి నలిగే పదార్థం మందంగా చుట్టడం, పక్క నుంచి పడిపోకుండా అడ్డం పెట్టడం, రాత్రి మెరిసే స్టిక్కర్లు వెనక అతికించడం పెద్ద ఖర్చు పనులు కావు. ఇవి చిన్న వేగపు దెబ్బల్ని తగ్గిస్తాయి. లారీ ఎదురుగా గుద్దే దెబ్బను మాత్రం ఆపలేవు, ఆ భ్రమ పెట్టుకోకూడదు. ఆ దెబ్బకు మందు రెండే: మెల్లగా పోయే బళ్లను లారీల దారి నుంచి విడదీసే సర్వీసు రోడ్డు, లేదా కూలీలను ఎక్కించుకునే పెద్ద బండి. 12 టన్నుల బస్సు ఇందాకటి లారీకి అదే వేగాలతో ఎదురుపడినా దాని వేగంలో మార్పు సెకనుకు 15 మీటర్ల చిల్లరకు దిగుతుంది, నలగడానికి ముందు భాగం ఉంటుంది, పొడవాటి సీటు వెన్ను దెబ్బను ఛాతీ అంతటికీ పరుస్తుంది. అప్పుడు కూడా గాయాలు తప్పవు, కానీ బతికే అవకాశం బాగా పెరుగుతుంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేని ప్రయాణం వచ్చింది. పత్తి తీతకు పోయేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. అయినా వాళ్లు ఆటోనే ఎక్కుతున్నారంటే ఛార్జీ ఒక్కటే కారణం కాదన్నమాట. పని వేళకు చేనికి చేరాలి, చేను రహదారికి ఎంతో లోపల ఉంటుంది, ఆ వేళకు అటు పోయే బస్సు దొరకాలి. ఏ పల్లె నుంచి ఏ పల్లెకు ఎంతమంది పోతున్నారో కూలీలను కుదిర్చే మేస్త్రీల దగ్గర రోజువారీ లెక్క ఉంటుంది. ఆ లెక్క ఆర్టీసీ చేతికొస్తే గుత్తి, అనంతపురం డిపోల నుంచి పత్తి తీసే నెలలకు మాత్రమే తెల్లవారుజామున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు వేయడానికి కొత్త రోడ్డు, కొత్త చట్టం అక్కర్లేదు. తీత కార్తీకానికి ముమ్మరమవుతుంది, కాబట్టి టైం టేబుల్ వినాయక చవితి నాటికైనా ఊళ్లకు చేరాలి.